ఉన్న రికార్డులను మార్చాలంటే: గ్రిడ్డా, అప్‌డేటా, మెర్జా, కొత్త వరుసా?

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఒక రెడీమేడ్ దుస్తుల దుకాణం ఉందనుకుందాం. దాని డేటాబేస్‌లో సరుకుల టేబుల్‌లో 18 వేల వరుసలు, కస్టమర్ల టేబుల్‌లో 4 లక్షలు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. అంతకుముందు వెయ్యి రూపాయలు దాటిన డ్రెస్సుకు 12 శాతం పన్ను ఉండేది. ఆ రోజు నుంచి ₹2,500 వరకు 5 శాతం, అది దాటితే 18 శాతం. అంటే టేబుల్‌లో ఉన్న రికార్డులు మార్చాలి.

స్క్రీన్ మీద గ్రిడ్‌లోని గడిలోకి వెళ్లి నేరుగా కొట్టేయొచ్చు. ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌కు పని చెప్పే భాష) అప్‌డేట్ స్టేట్‌మెంట్ రాయొచ్చు. ఎక్సెల్ షీటు లోడ్ చేసి జాయిన్‌తో (ఒకే విలువ ఉన్న వరుసలను రెండు టేబుళ్ల నుంచి కలపడం) మార్చొచ్చు. వరుస ఉంటే మార్చి, లేకపోతే చేర్చే మెర్జ్, అప్‌సర్ట్ ఉన్నాయి. పాత వరుస జోలికి పోకుండా కొత్తది చేర్చనూ వచ్చు. అన్నిటితోనూ పని అవుతుంది. తేడా బయటపడేది తప్పు జరిగిన రోజునే. అందుకే ఈ పోలికలో వేగం కంటే వెనక్కి వచ్చే దారికి ఎక్కువ మార్కులు వేశాం.

ఇక్కడ కీవర్డులను తెలుగు లిపిలో, మనం పలికేలా రాశాం. టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టుకోండి.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, కొత్త విలువ ఎక్కడి నుంచి వస్తోంది? అన్ని వరుసలకూ ఒకటే విలువైతే ఒక దారి. పాత విలువ నుంచే లెక్కగట్టేదైతే (ధర మీద 10 శాతం) ఇంకొకటి. వరుసకో విలువ చొప్పున ఫైల్లో వస్తే మరొకటి. సగం తప్పులు ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్లే వస్తాయి.

రెండోది, ఎన్ని వరుసలు మారాలి? సుమారుగా కాదు, కచ్చితమైన అంకె కావాలి. అప్‌డేట్‌లో రాయబోయే వేర్ కండిషన్‌తోనే (ఏ వరుసలు మారాలో చెప్పే షరతు) ముందు సెలెక్ట్ కౌంట్ కొట్టి, వచ్చిన సంఖ్యను కాగితం మీద రాసుకోండి. అప్‌డేట్ తర్వాత వచ్చే సంఖ్య దానితో కలవాలి.

మూడోది, తప్పయితే పాత విలువ ఎక్కడ దొరుకుతుంది? 'నిన్న రాత్రి బ్యాకప్ ఉంది' అనేది చాలా బలహీనమైన జవాబు. ఆ బ్యాకప్ తిప్పితే పొద్దుటి నుంచి కొట్టిన బిల్లులన్నీ పోతాయి.

నాలుగోది, ఆ సమయంలో టేబుల్‌ను ఇంకెవరు వాడుతున్నారు? మధ్యాహ్నం మూడింటికి కౌంటర్లు నడుస్తుండగా చేసే మార్పు వేరు, షట్టర్ దించాక చేసే మార్పు వేరు.

## గడిలోనే మార్చడం

పీహెచ్‌పీ మైఅడ్మిన్, డీబీవర్, పీజీఅడ్మిన్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మేనేజ్‌మెంట్ స్టూడియోలోని 'ఎడిట్ టాప్ 200 రోస్' అన్నీ ఈ కోవలోవే. ఒక కస్టమర్ పేరులో అక్షరం సరిదిద్దాలంటే ఇంతకంటే సులువు లేదు. ప్రైమరీ కీ (ఒక్కో వరుసను విడిగా గుర్తించే కాలమ్) లేని టేబుల్‌ను పీజీఅడ్మిన్ మార్చనివ్వదు. అది ఇబ్బందిగా అనిపించినా మన మంచికే. కీ లేకపోతే ఏ వరుసను మారుస్తున్నామో డేటాబేస్‌కు చెప్పే మార్గమే ఉండదు.

ముప్పు ఏమిటంటే, మేనేజ్‌మెంట్ స్టూడియోలో కర్సర్ పక్క వరుసలోకి వెళ్లిన క్షణంలోనే మార్పు సేవ్ అయిపోతుంది. అడగదు, చెప్పదు. పొరపాటున తగిలిన కీ కూడా డేటాలోకి వెళ్తుంది. ఏం మారిందో రాసిపెట్టిన స్క్రిప్టు కూడా మిగలదు. ఐదారు వరుసల వరకు సరే. ఇరవై దాటితే ఈ దారి మానేయండి.

## సాదా అప్‌డేట్

ఎక్కువ పనులకు ఇదే సరైనది. కాస్త వివరంగా చూద్దాం.

ఆటో కమిట్ సంగతి ముందు తెలుసుకోవాలి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ టూల్ పీఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మూడింటిలోనూ డిఫాల్ట్‌గా ప్రతి స్టేట్‌మెంటూ తనంతట తానే కమిట్ అవుతుంది, అంటే మార్పు ఖాయమైపోతుంది. ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో అలా కాదు, కమిట్ కొట్టేదాకా ఆగుతుంది. ఒరాకిల్ మీద చెయ్యి తిరిగినవాళ్లు మైఎస్‌క్యూఎల్‌కు వచ్చి 'రోల్‌బ్యాక్ (కమిట్ కాని మార్పును వెనక్కి తిప్పడం) చేద్దాంలే' అనుకోవడం వల్ల పోయిన డేటా తక్కువేమీ కాదు.

జీఎస్టీ మార్పును ఈ క్రమంలో చేయాలి:

1. బ్యాకప్ టేబుల్: మారబోయే వరుసల ఐడీ, పాత రేటు మాత్రం ఒక కొత్త టేబుల్‌లోకి కాపీ చేయండి. పేరులో తేదీ పెట్టండి.
2. ఆ తర్వాతే ట్రాన్సాక్షన్ (కమిట్ కొట్టేదాకా ఖాయం కాని మార్పుల కట్ట) మొదలుపెట్టండి.
3. అప్‌డేట్ సరుకులు సెట్ పన్ను = కేస్ వెన్ ధర <= 2500 దెన్ 5 ఎల్స్ 18 ఎండ్ వేర్ పన్ను = 12 అండ్ విభాగం = 'రెడీమేడ్'.
4. మారిన వరుసల సంఖ్యను కాగితం మీది అంకెతో పోల్చండి. సరిహద్దులో ఉన్న ₹2,500, ₹2,501 ధరల వరుసలు సెలెక్ట్ చేసి కంటితో చూడండి.
5. కలిస్తే కమిట్, లేకపోతే రోల్‌బ్యాక్.

మొదటి రెండు మెట్ల వరుస తారుమారు చేయకండి. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్‌లలో క్రియేట్ టేబుల్ కొట్టగానే అప్పటిదాకా తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్ చడీచప్పుడు లేకుండా కమిట్ అయిపోతుంది. అప్‌డేట్ చేశాక 'అయ్యో, బ్యాకప్ తీసుకోలేదే' అని టేబుల్ సృష్టించారంటే రోల్‌బ్యాక్ చేతిలోంచి జారిపోయినట్టే.

కేస్‌లో ఎల్స్ మర్చిపోతే ఏ వెన్‌కూ తగలని వరుసల్లో నల్ (విలువ లేదని గుర్తు) పడుతుంది. అలాగని కేస్ వద్దనుకుని రెండు అప్‌డేట్లు రాస్తే ఇంకో గొయ్యి ఉంది. వెయ్యి లోపు ధరలకు 10 శాతం, వెయ్యి నుంచి పైవాటికి 5 శాతం పెంచాలనుకోండి. మొదటి అప్‌డేట్‌తో ₹950 కుర్తీ ₹1,045 అవుతుంది. రెండో అప్‌డేట్ దాన్ని వెయ్యి దాటినదిగా చూసి మళ్లీ 5 శాతం పెంచుతుంది. ఒకే స్టేట్‌మెంట్‌లో కేస్ రాస్తే ఈ బాధ లేదు.

కామా బదులు అండ్ పెట్టడం కూడా మామూలే. మైఎస్‌క్యూఎల్‌లో 'సెట్ పన్ను = 18 అండ్ యాక్టివ్ = 1' అని రాస్తే ఎర్రర్ రాదు. '18 అండ్ యాక్టివ్ = 1' మొత్తాన్ని నిజమా, అబద్ధమా అని లెక్కగట్టి పన్ను కాలమ్‌లో 1 గానీ 0 గానీ పెడుతుంది. యాక్టివ్ కాలమ్ కదలనే కదలదు.

వేర్ మర్చిపోవడం గురించి అందరికీ తెలుసు, అయినా అందరూ ఎప్పుడో ఒకసారి మర్చిపోతారు. మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్‌లో సేఫ్ అప్‌డేట్స్ ముందే ఆన్‌లో ఉంటుంది. కీ కాలమ్ లేని వేర్‌ను 1175 ఎర్రర్‌తో ఆపేస్తుంది. విసుగొచ్చి దాన్ని ఆఫ్ చేసేవాళ్లే ఎక్కువ. ఆఫ్ చేయొద్దు, ఐడీతో కండిషన్ రాయండి.

ట్రాన్సాక్షన్ తెరిచి పెట్టి ఇరానీ చాయ్‌కి వెళ్లకండి. ఆ వరుసలు లాక్‌లో ఉంటాయి. అదే సరుకు మీద కౌంటర్లో స్టాక్ తగ్గించబోతే మైఎస్‌క్యూఎల్ స్టోరేజ్ ఇంజన్ అయిన ఇన్నోడీబీలో డిఫాల్ట్‌గా 50 సెకన్లు వేచి, 1205 ఎర్రర్‌తో బిల్లు ఆగిపోతుంది. వేర్‌లోని కాలమ్‌కు ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికే సూచిక) లేకపోతే, డిఫాల్ట్ ఐసొలేషన్‌లో (ట్రాన్సాక్షన్లను ఒకదాన్నుంచి ఒకటి వేరుగా ఉంచే స్థాయి) చదివిన ప్రతి వరుసా లాక్ అవుతుంది. పిన్ కోడ్ టెక్స్ట్ కాలమ్‌గా ఉన్నప్పుడు కోట్స్ లేకుండా పిన్ = 500072 అని రాసినా ఇదే గతి. మైఎస్‌క్యూఎల్ ఆ ఇండెక్స్ వాడలేక టేబుల్ మొత్తం తిరుగుతుంది. పోస్ట్‌గ్రెస్ అయితే ఎర్రర్ ఇచ్చి మొదట్లోనే ఆపుతుంది, అదే నయం.

### వెనక్కి తిరగని అప్‌డేట్

2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్ అయింది. రెండు చిన్న అప్‌డేట్లతో పోయేదే అనిపిస్తుంది. కానీ కస్టమర్ల టేబుల్‌లో 2016 అక్టోబర్ 11కు ముందు చేరినవాళ్లకు జిల్లా 'వరంగల్' అనే ఉంటుంది, అది ఉమ్మడి వరంగల్. జనగామ, మహబూబాబాద్ కూడా అందులోవే. 'రూరల్'ను 'వరంగల్'గా మార్చిన మరుక్షణం రెండు రకాల వరంగళ్లూ కలిసిపోతాయి. తర్వాత ఏ క్వెరీతోనూ విడదీయలేరు. రెండు విలువలు ఒకటయ్యే ప్రతిచోటా పాత విలువకు వేరే కాలమ్ ఉంచుకోవాలి.

## ఫైల్లోంచి వచ్చే విలువలు: ఎక్సెల్ ఫార్ములానా, జాయినా?

మన ఆఫీసుల్లో బాగా అలవాటైన దారి ఎక్సెల్‌లో కాంకాటినేట్ ఫార్ములాతో వరుసకో అప్‌డేట్ స్టేట్‌మెంట్ తయారు చేసి, కాపీ కొట్టి, క్వెరీ విండోలో పేస్ట్ చేయడం. వంద వరుసల దాకా పని నడుస్తుంది. కానీ పేరులో ఒక్క అపాస్ట్రఫీ వచ్చిందా, స్టేట్‌మెంట్ అక్కడ తెగుతుంది, కొన్ని టూళ్లలో పైవి అమలై కిందివి మిగిలిపోతాయి. 12 అంకెల నంబర్లు జనరల్ ఫార్మాట్ గడిలో 1.23ఈ+11 లాగా కనిపిస్తాయి. ఆ ఫైల్‌ను అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే అదే రూపం నిలిచిపోతుంది. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్లకు ముందున్న సున్నా ఎగిరిపోతుంది. 15 అంకెలు దాటితే తర్వాతి అంకెలు సున్నాలైపోతాయి.

రెండో దారి, ఫైల్‌ను స్టేజింగ్ టేబుల్‌లోకి (తాత్కాలికంగా పెట్టుకునే టేబుల్) లోడ్ చేసి అక్కడి నుంచి జాయిన్‌తో మార్చడం. అరగంట ఎక్కువ పడుతుంది. మా ఓటు దీనికే. అసలు టేబుల్‌ను ముట్టకుండా ఫైల్లోని తప్పులన్నీ ముందే పట్టుకోవచ్చు.

పట్టుకోవాల్సిన తప్పు ముఖ్యంగా డూప్లికేట్లు. పాత రంగారెడ్డి జిల్లాలో ఉన్న కూకట్‌పల్లి 2016 విభజనతో మేడ్చల్-మల్కాజిగిరిలోకి వెళ్లింది, గచ్చిబౌలి రంగారెడ్డిలోనే ఉంది. పిన్ కోడ్, జిల్లా ఉన్న ఫైలుతో కస్టమర్ల జిల్లా మారుద్దామనుకుంటే, ఒకే పిన్ పరిధి రెండు జిల్లాల్లోకి వెళ్లొచ్చు, అప్పుడు ఫైల్లో ఆ పిన్‌కు రెండు వరుసలుంటాయి. అక్కడ ఏమవుతుందో డేటాబేస్‌ను బట్టి ఉంటుంది:

| రాసే తీరు | ఎక్కడ | సరిపోలే వరుస లేకపోతే | రెండు సరిపోలితే |
|---|---|---|---|
| అప్‌డేట్ ... ఫ్రమ్ | పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ | పాత విలువ అలాగే ఉంటుంది | ఏదో ఒకటి పడుతుంది, ఎర్రర్ రాదు |
| సెట్ = (సబ్‌క్వెరీ) | అన్నిట్లో | నల్ పడుతుంది | ఎర్రర్ |
| మెర్జ్ | ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్ 15 నుంచి | పాత విలువ ఉంటుంది | ఎర్రర్ |

సబ్‌క్వెరీ దగ్గర అందరూ జారేది మూడో గడిలోనే. ఫైల్లో 300 పిన్‌లే ఉండి టేబుల్‌లో 2,000 ఉంటే, బయట వేర్ ఎగ్జిస్ట్స్ (ఫైల్లో ఉన్న పిన్‌లనే మార్చమనే షరతు) రాయకపోతే మిగతా 1,700 పిన్‌ల కస్టమర్లందరి జిల్లా నల్ అవుతుంది. మెర్జ్‌కు ఇది లేదు, పైగా డూప్లికేట్ ఉంటే ఒరాకిల్‌లో 30926, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 8672 ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఫైల్ మీద నమ్మకం లేనప్పుడు మెర్జ్ వాడటానికి ఇదొక్కటే చాలు. మైఎస్‌క్యూఎల్‌లో మెర్జ్ లేదు, జాయిన్‌తో అప్‌డేట్ ఉంది. అక్కడ గ్రూప్ బై, హ్యావింగ్ కౌంట్ > 1 కొట్టి డూప్లికేట్లను మనమే ఏరుకోవాలి.

తెలుగులో ఉన్న డేటాకు ప్రత్యేకంగా రెండు చిక్కులు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తెలుగు కోట్‌కు ముందు 'ఎన్' అక్షరం పెట్టకపోతే, కాలమ్ ఎన్‌వార్‌చార్ (యూనికోడ్ అక్షరాలు పట్టే రకం) అయినా సరే, 'హైదరాబాద్' వరుసగా ప్రశ్నార్థకాలై కూర్చుంటుంది. యూటీఎఫ్-8 కొలేషన్ (అక్షరాలను దాచే, పోల్చే నియమాలు) పెట్టుకున్న డేటాబేస్ అయితే తప్ప. రెండోది కంటికి కనిపించదు. 'కూకట్‌పల్లి'లో ట్ తర్వాత కొన్ని కీబోర్డులు సున్నా వెడల్పు నాన్-జాయినర్ అక్షరం పెడతాయి, కొన్ని పెట్టవు. పోస్ట్‌గ్రెస్ మామూలు కొలేషన్లలో ఇవి రెండు వేర్వేరు మాటలు, జాయిన్ కలవదు. ఊరి పేరుతో కాకుండా కోడ్‌తో జాయిన్ చేయండి.

## ఉంటే మార్చు, లేకపోతే చేర్చు

కౌంటర్‌లో ఫోన్ నంబర్ కొట్టగానే కస్టమర్ ఉంటే వివరాలు మారాలి, లేకపోతే కొత్తగా చేరాలి. మైఎస్‌క్యూఎల్‌లో 'ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్', పోస్ట్‌గ్రెస్‌లో 9.5 వెర్షన్ నుంచి 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్' ఇందుకే. మైఎస్‌క్యూఎల్‌లోని రీప్లేస్ కూడా అలాంటిదే అనుకుంటారు. అది మార్చదు. పాత వరుసను డిలీట్ చేసి కొత్తది పెడుతుంది. మీరు రాయని కాలమ్‌లు డిఫాల్ట్‌కు వెళ్తాయి, అంటే కస్టమర్ కూడబెట్టుకున్న లాయల్టీ పాయింట్లు సున్నా. ఐడీ ఆటో ఇంక్రిమెంట్ అయితే కొత్త ఐడీ వస్తుంది. ఫారిన్ కీకి (ఆర్డర్ వరుసను కస్టమర్ వరుసకు కట్టే లింకు) ఆన్ డిలీట్ క్యాస్కేడ్ ఉంటే ఆయన పాత ఆర్డర్లూ పోతాయి. రీప్లేస్‌ను అసలు వాడొద్దని మా మాట.

అప్‌సర్ట్‌కు యూనిక్ కీ (రెండు వరుసల్లో ఒకే విలువ రాకూడని కాలమ్) ఏదో బాగా ఆలోచించాలి. మన ఇళ్లలో ఇద్దరు ముగ్గురు ఒకే ఫోన్ నంబర్ ఇస్తారు. నంబర్‌నే కీ చేస్తే అత్తగారి పేరు మీద కోడలి పేరు పడుతుంది.

## పాత వరుసను ముట్టకపోవడం

జీఎస్టీ దగ్గరికే మళ్లీ వద్దాం. రేటు సరుకుల టేబుల్‌లో ఒక్కచోటే ఉండి, బిల్లు ప్రింట్ దాన్నే చదువుతుంటే, అప్‌డేట్ చేసిన తర్వాత ఆగస్టు బిల్లు మళ్లీ తీస్తే 12 బదులు 5 శాతం కనిపిస్తుంది. ఆడిటర్ దగ్గర ఇది చిన్న విషయం కాదు. రేట్లకు వేరే టేబుల్ పెట్టి, 'ఎప్పటి నుంచి', 'ఎప్పటి వరకు' కాలమ్‌లతో పాత వరుసను 2025 సెప్టెంబర్ 21తో మూసి, 22 నుంచి కొత్త వరుస చేర్చడం మేలు. వెనక్కి రావడం కూడా ఇక్కడే అన్నిటికంటే తేలిక: కొత్త వరుస తీసేసి, పాతదాన్ని మళ్లీ తెరిస్తే చాలు. దీని ఖరీదు, ప్రతి క్వెరీలోనూ తేదీ కండిషన్ రాయాలి. ఒక్కచోట మర్చిపోతే ఒక్కో సరుకుకు రెండేసి వరుసలు వస్తాయి.

కొన్నిసార్లు సరైన మార్పు అంటే అసలు మార్చకపోవడమే. 2024 మార్చిలో తెలంగాణ వాహనాల కోడ్ టీఎస్ నుంచి టీజీకి మారింది, కొత్త రిజిస్ట్రేషన్లకు మాత్రమే. డెలివరీ బండ్ల టేబుల్‌లో టీఎస్ 09 నంబర్లన్నిటినీ రీప్లేస్ ఫంక్షన్‌తో టీజీ 09 చేసేస్తే, రోడ్డు మీద లేని బండ్లు టేబుల్‌లో పుడతాయి. చిరునామాలోని రాష్ట్రం కోడ్ కాలమ్‌ను మార్చుకోండి, నంబర్ ప్లేటును వదిలేయండి.

## లక్షల్లో వరుసలుంటే

నాలుగు లక్షల వరుసలను ఒకే అప్‌డేట్‌లో మారిస్తే లాక్‌లు, లాగ్ రెండూ ఉబ్బుతాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక స్టేట్‌మెంట్ సుమారు 5,000 లాక్‌లు దాటితే టేబుల్ మొత్తానికి లాక్ వేసే ప్రయత్నం చేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి అప్‌డేట్ వరుసకు కొత్త ప్రతి రాస్తుంది. పాతది వాక్యూమ్ వచ్చి ఊడ్చేదాకా అక్కడే ఉంటుంది. మొత్తం టేబుల్ ఒక్కసారి మారిస్తే డిస్క్ మీద దాదాపు రెట్టింపవుతుంది. విలువ మారని వరుసకూ కొత్త ప్రతే పడుతుంది కాబట్టి, ఇప్పటికే సరిగ్గా ఉన్నవాటిని వేర్‌లో తప్పించండి. నల్ ఉన్న కాలమ్ అయితే 'సమానం కాదు' గుర్తు సరిపోదు. ఆ గుర్తు నల్ వరుసలను వదిలేస్తుంది, 'ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్' వాడాలి.

పరిష్కారం, ప్రైమరీ కీ పరిధులవారీగా రెండు వేల నుంచి నాలుగు వేల వరుసల బ్యాచ్‌లు, ఒక్కో బ్యాచ్‌కు ఒక కమిట్. దీనికీ ఒక మూల్యం ఉంది. మధ్యలో ఆగితే సగం మారి, సగం మారకుండా ఉంటుంది. 'ధర = ధర × 1.10' లాంటిది మళ్లీ మొదటి నుంచి నడిపితే మొదటి సగానికి రెండుసార్లు పెరుగుతుంది. కొత్త ధరలను ముందే స్టేజింగ్ టేబుల్‌లో లెక్కగట్టి పెట్టుకుంటే ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే.

టేబుల్‌లో ముప్పావు వంతు మారాల్సివస్తే కొత్త టేబుల్ కట్టి పేరు మార్చుకోవడం వేగంగా ఉంటుంది. అయితే కాపీ జరుగుతుండగా వచ్చిన బిల్లులు అందులో ఉండవు, ఇతర టేబుళ్ల ఫారిన్ కీలు పాత టేబుల్‌నే పట్టుకుని ఉంటాయి. షట్టర్ దించాక చేసే పని ఇది.

## ఎవరికి ఏది

అమీర్‌పేటలో కోర్సు చేస్తున్నవాళ్లు సాదా అప్‌డేట్‌ను సెలెక్ట్, బిగిన్, అప్‌డేట్, రోల్‌బ్యాక్ వరసలో వంద సార్లు చేయండి. ఇంటర్వ్యూలో మెర్జ్ అడుగుతారు, ఉద్యోగంలో రోల్‌బ్యాక్ కాపాడుతుంది.

దుకాణం వాళ్లే పీహెచ్‌పీ మైఅడ్మిన్‌లో చూసుకునేట్టయితే, ఒకటి రెండు వరుసలకు గ్రిడ్ చాలు. అంతకు మించితే ముందు ఆ ఒక్క టేబుల్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, రెండు నిమిషాల పని.

ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఉన్నవాళ్లకు ఫైలు వస్తే స్టేజింగ్, తర్వాత మెర్జ్ లేదా జాయిన్. ఎక్సెల్ ఫార్ములా అప్‌డేట్లు టికెట్‌కు అటాచ్ చేసి వస్తే తిప్పి పంపండి. ఒరాకిల్‌లో కమిట్ అయ్యాక తప్పు తెలిస్తే ఆలస్యం చేయకుండా 'యాజ్ ఆఫ్ టైమ్‌స్టాంప్'తో పాత విలువలు తీయండి. అన్‌డూ రిటెన్షన్ (పాత విలువలు ఉంచే కాలం) డిఫాల్ట్ 900 సెకన్లే. పై అధికారికి మెయిల్ రాసేలోపు అది దాటిపోవచ్చు.

అప్లికేషన్ రాసే డెవలపర్లకు సమస్య వేరు. రెండు కౌంటర్లు ఒకే కుర్తీ స్టాక్ 1 అని చదివి, రెండూ 0 అని రాస్తే, ఒక కుర్తీ రెండుసార్లు అమ్ముడవుతుంది. చదివి, లెక్కగట్టి, తిరిగి రాసే పద్ధతి మానేసి 'సెట్ స్టాక్ = స్టాక్ - 1 వేర్ ఐడీ = 4471 అండ్ స్టాక్ >= 1' అని ఒకే స్టేట్‌మెంట్ పంపండి. మారిన వరుసలు 1 అయితే బిల్లు కొట్టండి, 0 అయితే సరుకు అయిపోయిందని చూపండి. చిరునామా లాంటి ఫారాలకు వెర్షన్ కాలమ్ పెట్టి, చదివినప్పటి వెర్షన్‌ను వేర్‌లో రాసి, సెట్‌లో ఒకటి పెంచండి. మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్‌గా చెప్పేది నిజంగా విలువ మారిన వరుసల సంఖ్యే. సేవ్ నొక్కినా ఏమీ మార్చని యూజర్‌కు, వెర్షన్ పెంచకపోతే, 0 వస్తుంది. దాన్ని 'వేరేవాళ్లు మార్చేశారు' అని చూపిస్తే కౌంటర్ నుంచి ఫోన్లు మొదలవుతాయి.